అక్కతో ఒక మాట: కొండకి పోవాల, పెళ్ళికి పోవాల, ముందు గడప దాటాల

ఎండాకాలం దగ్గరికొచ్చేసరికి మీ ఉత్తరాలన్నీ ప్రయాణాల మీదికే మళ్ళినాయి. కొత్తగా చదివేవాళ్ళ కోసం చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, వెన్నుపూసకి దెబ్బ తగిలినప్పటి నుంచి వీల్‌చైర్‌లో ఉండే మనిషిని, దాని వెనకే వచ్చిన డిప్రెషన్‌కి మందులు వాడిన మనిషిని, ఉండేది తిరుపతిలోనే. కాబట్టి మాత్రల విషయంలో మీ డాక్టర్‌ని అడక్కుండా నా మాట పట్టుకుని ఏమీ మార్చొద్దు. ఈసారి అందరికీ నేను చెప్పేది దాదాపు ఒకటే, ఎట్లా పోవాల అనేదానికంటే ముందు, మధ్యలో వద్దనిపిస్తే ఎట్లా బయటపడాల అనేది తేల్చుకోండి, ఆ వద్దు అనే మాట చెప్పే హక్కు ప్రయాణం చేసే మనిషికే ఇవ్వండి.

అక్కా, మా తమ్ముడికి బైపోలార్ (కొన్నాళ్ళు హుషారు మితిమీరి, కొన్నాళ్ళు దిగులులో మునిగిపోయే మనసు జబ్బు) అని చెప్పినారు, లిథియం మాత్రలు వాడతా ఉన్నాడు, ఇప్పుడు బాగున్నాడు. వాడు బాగైతే నడిపించి కొండెక్కిస్తానని మా అమ్మ మొక్కుకుంది. మే నెలలో, ఎండ తగలకుండా రాత్రిపూట అలిపిరి నుంచి పోదాం అంటా ఉంది. వాడు ఏమీ అనడం లేదు. నడవొచ్చునా?
– పేరు వద్దు, బైరాగిపట్టెడ, తిరుపతి

అమ్మాయీ, నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘వాడు ఏమీ అనడం లేదు’ అనే మాట. ముందు తమ్ముడితో నువ్వొక్కదానివే కూర్చుని అడుగు, నడవాలనుందా, బస్సులో పోవాలనుందా, అసలు ఈ ఏడు వద్దనిపిస్తా ఉందా అని. మూడోది అడక్కపోతే మొదటి రెండూ అడిగినా అడగనట్టే. జబ్బు నుంచి లేచినవాళ్ళకి ఇంట్లోవాళ్ళని ఎంత కష్టపెట్టినామో అనే మొహమాటం ఉంటాది, దేనికైనా సరే సరే అంటారు, నోరు తెరిచి వద్దనరు.

ఇంక లిథియం సంగతి, ఇది కొంచెం జాగ్రత్తగా చదువు. ఈ మందు రక్తంలో ఒక కొలతలోనే ఉండాల, తగ్గితే పని చేయదు, పెరిగితే విషమైపోతాది, అందుకే ఊరికూరికే రక్తపరీక్ష రాస్తా ఉంటారు. అది బయటికి పోయేది కిడ్నీల దారినే. చెమటలు పట్టి ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గిపోతే కిడ్నీలు లిథియంని బయటికి వదలకుండా పట్టి పెట్టుకుంటాయి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటడం మనకి తెలిసిందే, అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388, అది దూరం తక్కువే గానీ నిటారుగా ఉంటాది. దానికి తోడు మొక్కు కదా అని ఉపవాసం, ఉప్పు లేని కూడు అంటారు, లిథియం వాడేవాళ్ళకి అవి రెండూ వద్దు. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు, మెట్లెక్కి దిగినాక కాళ్ళు పట్టేస్తాయి, పక్కనోళ్ళు బ్యాగులోంచి బ్రూఫెనో డైక్లోఫెనాకో తీసి ‘ఏసుకో నాయనా తగ్గిపోతాది’ అని ప్రేమగానే ఇస్తారు, ఆ రకం నొప్పి మాత్రలు కూడా లిథియంని పెంచేస్తాయి. నొప్పికి ఏ మాత్ర వేసుకోవచ్చో బయల్దేరే ముందే డాక్టర్ చేత రాయించుకుని జేబులో పెట్టుకోమను. చేతులు మామూలు కంటే ఎక్కువ వణుకుతా ఉన్నా, వాంతులు విరేచనాలు అవుతా ఉన్నా, మాట ముద్దగా వస్తా ఉన్నా, నడక తూలతా ఉన్నా ఆలస్యం చేయకుండా రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో తీసుకుపోయి, లిథియం వాడతా ఉన్నాడు అనేది మొట్టమొదటి మాటగా చెప్పాల, లేకపోతే తూలే మనిషిని చూసి తాగినాడని అనుకుంటారు. అట్లని కొండకి పోయే రోజు మాత్ర మానేయడం కూడా ఎవరి ఆలోచనలోకీ రాకూడదు.

ఎండ తప్పించుకోవాలని రాత్రి పోదాం అంటా ఉంది మీ అమ్మ, కానీ బైపోలార్‌లో నిద్ర చెడిపోవడం కూడా పెద్ద ప్రమాదమే. ఒక రాత్రి జాగారం చాలు, కొందరికి మేనియా, అంటే హుషారు మితిమీరే దశ, మళ్ళీ తిరగబెడతాది. పైగా 2023లో చిరుత దాడి జరిగినప్పటి నుంచి నడకదారిలో రాత్రి వేళలకి ఆంక్షలు పెట్టినారు, అవి మారతా ఉంటాయి కాబట్టి పోయే ముందు కనుక్కోవాల్సిందే.

మొక్కు మీ అమ్మది. ఆమె నడవగలిగితే ఆమె నడవొచ్చు, తమ్ముడు రాత్రి బాగా నిద్రపోయి పొద్దున బస్సులో పోయి పైన కలవొచ్చు. లేదు, నేను నడుస్తాను అని వాడే అంటే జనవరి ఫిబ్రవరిల్లో చల్లగా ఉన్నప్పుడు, వైకుంఠ ఏకాదశి రద్దీ లేని రోజు చూసుకుని, పొద్దున్నే, నీళ్ళు తాగతా, కూర్చుంటా, డాక్టర్ సరే అన్నాకనే. గాలిగోపురం దాకా మెట్లు ఎక్కువ, అది దాటినాక దారి కొంచెం చదునుగా ఉంటాది, ఆపైన కొంత దూరం ఘాట్ రోడ్డు పక్కనే పోతాది, అక్కడ బండి ఎక్కి వచ్చేయొచ్చు అని వాడికి ముందే చెప్పండి. ‘ఇంత దూరం వచ్చి ఆపేస్తావా’ అనే మాట మాత్రం ఎవరూ అనొద్దు. మొక్కు ఈ నెల తీరకపోతే స్వామి ఏమీ అనుకోడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మేడమ్, మా పాపకి 19 ఏళ్ళు, బుద్ధిమాంద్యం, ఒక్కతే ఎక్కడికీ పోలేదు. హైదరాబాద్ తీసుకుపోవాల. రైలు టికెట్లో రాయితీ ఉందంట, కౌంటర్లో సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్యం సర్టిఫికెట్) చూపిస్తే ఇది చాలదు అన్నారు.
– ఒక తల్లి, శ్రీకాళహస్తి

ఉందమ్మా. బుద్ధిమాంద్యం ఉండి తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్ళకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీలో, ఫస్ట్ ఏసీలో 50 శాతం తగ్గిస్తారు, తోడు వచ్చే ఒకరికి కూడా అంతే. కాకపోతే రైల్వేకి వాళ్ళ సొంత ఫారం ఉంది, దాంట్లో ప్రభుత్వ డాక్టర్ సంతకం, సీలు ఉండాల, దాంతో రైల్వేవాళ్ళ దివ్యాంగుల గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్లో అప్లై చేయాల. మన తిరుపతి వైపు గుంతకల్ డివిజన్ కిందికి వస్తాది. కార్డు ఒకసారి చేతికొస్తే ఇంటి నుంచే దివ్యాంగుల కోటాలో టికెట్ తీసుకోవచ్చు, కింది బెర్తుకి అవకాశం ఎక్కువ. ఏమన్నా సందేహం ఉంటే 139కి ఫోన్ చేయండి. కార్డు రావడానికి టైమ్ పడతాది కాబట్టి ప్రయాణం ఖాయం కాకముందే మొదలుపెట్టుకోండి.

ఇక్కడే ఒక మాట అనాలనుంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, అందులో మానసిక అనారోగ్యం కూడా ఉంది. కానీ రైల్వే రాయితీ జాబితాలో స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్ళకి చోటు లేదు. నెలనెలా తోడు మనిషితో ఊరూరా ఆస్పత్రులకి తిరిగే కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు, ఆ ఖర్చు ఖర్చు కాదా? ఇది మారాల, మారేదాకా అడగాల.

అక్కా నాకు 34 ఏళ్ళు. మామిడి కాయలు కోస్తా చెట్టు మీద నుంచి పడి నడుం కింద చచ్చుబడిపోయింది. అప్పటి నుంచి ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. నా స్నేహితుడి పెళ్ళి తిరుపతిలో, రావాల్సిందే అంటాడు. ఒంటేలు, దొడ్డికి సంగతి తలుచుకుంటేనే భయం, బయటికి పోయే రోజు నీళ్ళు తాగను. నన్ను మూటలాగా ఎత్తుకుపోతారు, అది తట్టుకోలేను. ఎవరన్నా ఇంటికొస్తే నిద్రపోయినట్టు పడుకుంటా. కొన్ని రోజులు ఎందుకు బతకడం అని కూడా అనిపిస్తాది. మా ఆవిడకి చెప్పలేదు.
– చిత్తూరు దగ్గర పల్లె

తమ్ముడూ, నీ చివరి మాట దగ్గర మొదలుపెడతా. ఎందుకు బతకడం అని నాకూ అనిపించేది, వెన్నుపూస దెబ్బ తర్వాత డిప్రెషన్ రావడం చాలామందిలో చూసేదే, అది నీ గుండెధైర్యం తక్కువై వచ్చింది కాదు. ఈ పత్రిక పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అంటారు, మనసు బాగలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన రోజు, ఏదో ఒకటి చేసేసుకోవాలనిపించిన రోజు ఫోనుతో ఆగొద్దు, మనిషిని పిలువు, ఆస్పత్రికి తీసుకుపొమ్మను. మీ ఆవిడకి చెప్పు. ఆమె ఇప్పటికే సగం కనిపెట్టే ఉంటాది, నువ్వు చెప్పట్లేదనేదే ఆమెకి ఎక్కువ బరువు. మందులు నాకు పని చేసినాయి, ఒక్కరోజులో కాదు, వారాలు పట్టింది. నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, ఆ తర్వాతెప్పుడో బయట ఎవరన్నా మాట్లాడతా ఉంటే వినబుద్ధి అయ్యింది.

ఇప్పుడు నీళ్ళు. బయటికి పోయే రోజు నీళ్ళు మానేసేవాళ్ళు మనలో నూటికి నూరుమందీ అనొచ్చు, ఆడవాళ్ళయితే మరీ. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తాది, జ్వరం వస్తాది, వారం మంచంలో ఉంటావు, అప్పుడు ‘బయటికి పోవడం వల్లే ఇదంతా’ అని ఇంట్లోవాళ్ళూ అంటారు నువ్వూ నమ్ముతావు. నీకు క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) ఏ టైముకి వేసుకోమన్నారో పెళ్ళి రోజు కూడా అదే టైము. మగవాళ్ళకి తొడకి కట్టుకునే యూరిన్ బ్యాగు దొరుకుతాది, ప్యాంటు కింద కనపడదు, అది నీకు సరిపోతాదా లేదా డాక్టర్‌ని అడిగి పెళ్ళికి ముందే ఇంట్లో ఒకట్రెండుసార్లు వాడి చూడు, మొదటిసారి వాడేది పెళ్ళిలో కాకూడదు. దొడ్డికి సంగతి కూడా అంతే, మోషన్ రోజు మార్చి రోజు చేయించుకునే అలవాటుంటే ఆ వారం లెక్క వేసుకుని, పెళ్ళికి ముందు రోజు వచ్చేట్టు ముందు నుంచే సర్దుకో. వెన్నులో దెబ్బ రొమ్ము పైభాగం ఎత్తులోనో మెడలోనో తగిలినవాళ్ళకి ఇంకొక జాగ్రత్త ఉంది. మూత్రం నిండిపోతే ఉన్నట్టుండి తలపోటు, మొహమంతా చెమటలు, బీపీ పైకెళ్ళిపోవడం జరుగుతాది, వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం తీయాల, తగ్గకపోతే ఆస్పత్రికే. నీది నడుం కింద అంటా ఉన్నావు కాబట్టి బహుశా ఈ భయం ఉండదు, అయినా నీ డాక్టర్‌ని ఒక్కమాట అడిగి పెట్టుకో.

చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్ల దాకా ఉంటాది, కారు మాట్లాడుకుంటే మంచిది, బస్సు మెట్లు మనకి అయ్యేవి కావు. కారు సీటు మీద కూడా నీ కుషన్ వేసుకునే కూర్చో. అరగంటకొకసారి, వీలైతే ఇంకా ముందే, ముందుకి వంగో పక్కకి ఒరిగో ఒకట్రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీయాల. ఇంటికొచ్చినాక అద్దం పెట్టి చూపించుకో, ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎరుపు రావాల, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతా ఉందని, అది పోయేదాకా దాని మీద కూర్చోకూడదు.

పెళ్ళి మండపం సంగతి నీ స్నేహితుడికే అప్పజెప్పు, రావాల్సిందే అన్నాడు కదా, పని చేయనీ. ‘వీల్‌చైర్ వస్తాదా’ అని అడిగితే మండపంవాళ్ళు వస్తాదనే చెప్తారు. అట్లా కాదు, మెట్లు ఎన్ని, భోజనాల హాలు కిందా పైనా, లిఫ్ట్ ఉంటే దాని తలుపు ఎంత వెడల్పు, బాత్రూమ్ తలుపు ఎంత వెడల్పు, ఫోటోలు తీసి పంపమను, టేపు పెట్టి కొలిచి పంపమను. నీ కుర్చీ ఒక చక్రం బయటి అంచు నుంచి ఇంకో చక్రం బయటి అంచు దాకా నువ్వు కొలుచుకో. మన దగ్గర బాత్రూమ్ తలుపులు ఎక్కువగా రెండడుగులు, రెండున్నర అడుగులు, అక్కడే ఆగిపోతాం. పనికి రాదని తేలితే పక్కన లాడ్జిలో నాలుగు గంటలకి ఒక గది చూడమను, పడుకుని నడుం వాల్చడానికి, క్యాథెటర్‌కి. ఆ గది నీ బయటపడే దారి, పెళ్ళిలో మనసు బాగలేకపోయినా అక్కడికి వచ్చేయొచ్చు.

ఎత్తడం గురించి రాసినావు. ఒక మండపంలో నన్ను అడక్కుండానే నలుగురొచ్చి కుర్చీతో సహా ఎత్తేసినారు, మంచిమనసుతోనే, కానీ ఒకాయన చేతిలోకి ఆర్మ్‌రెస్ట్ ఊడొచ్చింది. కాబట్టి ఎత్తించుకోక తప్పకపోతే చెప్పేది నువ్వే అయి ఉండాల. ‘ఆగండన్నా, నేను చెప్పినాక ఎత్తండి’ అని మొదట అను. బ్రేకులు వేసుకో, బెల్టు పెట్టుకో, ఊడొచ్చే భాగాలు పట్టుకోవద్దని చెప్పి ఫ్రేమ్ చూపించు, మెట్లెక్కేటప్పుడు నీ వీపు మెట్ల వైపు ఉండాల, ఒకటి రెండు మూడు నువ్వే లెక్కపెట్టు. గొంతు నీదైతే మోసేవాళ్ళు నీ చేతుల కింద మనుషులవుతారు.

మీకు దగ్గర్లోనే వెల్లూరు సీఎంసీ ఉంది కదా, అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్ గురించి విన్నావో లేదో. 1954లో కారు ప్రమాదంలో ఆమెకీ నడుం కింద చచ్చుబడిపోయింది. ఆమె కుర్చీలో కూర్చునే చేతుల ఆపరేషన్లు నేర్చుకుని కుష్టు రోగుల చేతులు బాగుచేసింది, తర్వాత రిహాబిలిటేషన్ వైద్యం చదివొచ్చి అక్కడ ఆ విభాగాన్నే నిలబెట్టింది, 1972లో పద్మశ్రీ ఇచ్చినారు. నువ్వు కూడా ఏదో సాధించాల అని చెప్పడం లేదు, పెళ్ళికి పోయి స్నేహితుడి పక్కన ఫోటో దిగితే చాలు. ఆమె మొదలుపెట్టిన రిహాబ్ ఇప్పటికీ నడుస్తా ఉంది, బెడ్ మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి సొంతంగా మారడం నేర్పిస్తారు. తిరుపతిలో టీటీడీవాళ్ళ బర్డ్ ఆస్పత్రిలోనూ అడిగి చూడు. ఆ మారడం ఒక్కటి చేతికొస్తే ఎత్తుకుపోయే బాధ సగానికి సగం పోతాది.

నేను టీచర్ని. జనం గుంపుగా ఉన్న చోట, ముఖ్యంగా క్యూలో, ఊపిరాడదు, గుండె దడ, చేతులు తిమ్మిర్లు, చచ్చిపోతా ఉన్నాననిపిస్తాది. గుండె పరీక్షలన్నీ చేయించినాం, బాగుందన్నారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కూడా మొదలైంది. కొండకి పోవడమే మానేసినా. మా ఆయన దేవుడి మీద భారం వేసి కూర్చో అంటాడు.
– చంద్రగిరి

గుండె పరీక్షలు ముందే చేయించుకున్నారు, మంచి పని. ఇవి ప్యానిక్ అటాక్స్ లాగే ఉన్నాయి, తేల్చాల్సింది సైకియాట్రిస్ట్, రుయాలో చూస్తారు. ఆ దడ సాధారణంగా పది నిమిషాల్లోపే పైదాకా పోయి తర్వాత తగ్గుతా వస్తాది, అది ఎంత భయంకరంగా ఉన్నా దానివల్ల ప్రాణం పోదు. భయపడిన చోటికల్లా పోవడం మానేస్తా ఉంటే మాత్రం భయం ఒక్కో వీధీ ఆక్రమించుకుంటా వస్తాది, ఈరోజు క్యూ, రేపు బస్సు, ఎల్లుండి స్కూలు. అందుకే కొంచెం కొంచెంగా, మీ చేతిలో ఉండేంతగా వెనక్కి పోవాల, దీన్ని నేర్పించే థెరపీ ఉంది.

నేనైతే దర్శనం లేకుండా కొండకి పోయి రండి అంటాను. వింతగా ఉంటాదని తెలుసు, కొండకి పోయి దర్శనం చేసుకోకుండా వస్తారా అని పెద్దవాళ్ళు అంటారు. కానీ మీకు భయం వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లది, అక్కడ తలుపు వేసినాక గంటలు కూర్చోవాల, మాడ వీధుల్లో ఆ ఇబ్బంది లేదు. మొదట కపిలతీర్థం, బయట గాలి తగిలే చోటు, పొద్దున్నే. తర్వాత తిరుచానూరు, రద్దీ లేని వారం రోజు. ఆ తర్వాత ఒకరోజు బస్సులో ముందు సీటు, ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు మీద చూపు పెట్టి, మలుపుల్లో తల తిరగడం కూడా ప్యానిక్‌లా అనిపిస్తాది కాబట్టి కడుపు మరీ ఖాళీ వద్దు, మరీ నిండుగా వద్దు. పైకి పోయి గుడి ఎదురుగా బేడి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, మాడ వీధిలో కాసేపు కూర్చుని, గోపురం చూసుకుని దిగేయండి. ప్రతి చోటా దడ వస్తే పారిపోకుండా అక్కడే కొంచెం ఆగి, ఊపిరి నెమ్మదిగా వదులుతా, తగ్గడం మొదలయ్యాక రండి. దర్శనం చివరికి, అదీ ₹300 టికెట్‌తో రద్దీ తక్కువ రోజు చూసుకుని, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మాత్రం అసలు కాదు. లోపలికి పోయే ముందే క్యూ సిబ్బందికి చెప్పి, బయటికి దారి ఏది అని అడిగి చూసుకోండి.

మీవారికి, మీరు ఈ పేజీ చూపిస్తారని రాస్తున్నా: అన్నా, దేవుడి మీద భారం వేయడం తప్పేం కాదు, ఆవిడ పక్కన నిలబడి ‘వద్దనిపిస్తే చెప్పు, వచ్చేద్దాం’ అనడం మీ పని. ఆ ఒక్క మాట వింటే ఆవిడ ఇంకో పదడుగులు ముందుకు వేయగలదు.

మాకు తిరుపతి బస్టాండు దగ్గర చిన్న లాడ్జి ఉంది. వీల్‌చైర్ మీద వచ్చినవాళ్ళని వెనక్కి పంపాల్సి వస్తే బాధగా ఉంటాది. పెద్ద ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు? ఇంకోటి, ఒంటరిగా వచ్చినవాళ్ళకి మేము రూమ్ ఇవ్వం, ఏమన్నా చేసుకుంటారేమోనని. అది తప్పా?
– ఒక లాడ్జి యజమాని

అడిగినందుకే మీకు దండం పెట్టాలనుంది. కింది అంతస్తులో ఒక్క గది బాగుచేయండి చాలు. ర్యాంప్‌కి లెక్క ఒకటికి పన్నెండు, అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల పొడవు ర్యాంప్, మూడు మెట్లుంటే పద్దెనిమిది అడుగులు. మేస్త్రీలు చోటు లేదని రెండడుగుల్లో నిట్టనిలువుగా పోసేస్తారు, దాని మీద ఎక్కితే కుర్చీ వెనక్కి తిరగబడతాది. గది తలుపు, బాత్రూమ్ తలుపు 900 మిల్లీమీటర్లు, సుమారు మూడడుగులు. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేట్టు మార్చండి, లోపల ఎవరన్నా పడిపోతే తలుపు తోయలేం కదా. లోపల కుర్చీ తిరగడానికి ఐదడుగుల చోటు, కమోడ్ ఎత్తు పద్దెనిమిది అంగుళాల దగ్గర, పక్క గోడకి గట్టి కమ్మీ, మనిషి బరువు మోసేది, తువ్వాలు వేసుకునేది కాదు. కమోడ్ పక్కన ఒకవైపు కుర్చీ పెట్టుకునేంత ఖాళీ వదలండి, అక్కడ బకెట్లు పెట్టించొద్దు. మంచం ఎత్తు కూడా కుర్చీ సీటు ఎత్తుకి సమానంగా ఉండేట్టు చూడండి. మీ లాడ్జి ప్రైవేటుదైనా జనం వచ్చిపోయేది కాబట్టి చట్టం లెక్కలో పబ్లిక్ బిల్డింగే. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ సౌకర్యాలు వీలుంటే చేసేవి కావు, తప్పనిసరి నిబంధనలుగా పెట్టాలని కేంద్రానికి చెప్పింది. పని అయ్యాక తలుపుల కొలతలు, బాత్రూమ్ ఫోటోలు బుకింగ్ పేజీలో పెట్టండి, ‘అన్ని సౌకర్యాలూ కలవు’ అని రాస్తే మాకు ఏమీ తెలియదు.

రెండో ప్రశ్న. మీ భయం నాకు అర్థమైంది, ఊళ్ళో చాలా లాడ్జీల్లో ఇదే పద్ధతి. కానీ ఆలోచించండి, ఒంటరిగా ఊరు దాటి వచ్చిన మనిషిని నాలుగు లాడ్జీలు వెనక్కి పంపితే అర్ధరాత్రి రోడ్డు మీద ఎవరి కంటా పడకుండా ఉంటాడు. నిజంగా బాధలో ఉన్న మనిషైతే మీ కౌంటర్ దగ్గరే మాట్లాడే మనిషి దొరకాల. ఎక్కడి నుంచి వచ్చినారు, తిన్నారా, ఎవరికన్నా ఫోన్ చేయాలా అని అడగమనండి మీ కుర్రాళ్ళని. మనిషి తేడాగా కనిపిస్తే, చనిపోవాలని ఏమన్నా అనిపిస్తా ఉందా అని నేరుగా అడగొచ్చు, అట్లా అడిగితే లేని ఆలోచన పుడతాదని అందరూ భయపడతారు గానీ పుట్టదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగినారనే ఊపిరి వస్తాది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఒకరు పక్కనే ఉండి 14416కి ఫోన్ కలపండి, పరిస్థితి చేయి దాటేట్టుంటే 108కి. ఆ నంబర్లు ప్రతి గదిలో, చెక్‌అవుట్ టైము రాసిన కాగితం మీదే, పెద్ద అక్షరాల్లో వేయించండి. మిగతా ఒంటరివాళ్ళు, మందుల కోసం ఆస్పత్రికి వచ్చినవాళ్ళు, ఉద్యోగం పరీక్షకి వచ్చినవాళ్ళు, దేవుణ్ణి ఒక్కళ్ళే చూసుకోవాలని వచ్చినవాళ్ళు, అందరిలాగే ఆధార్ చూపించి రూమ్ తీసుకుంటారు. గది రెడీ అయినాక నాకు రాయండి, కొలతలు చూసి పాఠకులకి చెప్తాను.